ఐసీయూలో మందులకు లొంగని బ్యాక్టీరియా వరుసగా వస్తుంటే: చిన్న ల్యాబ్‌లో ఎలా తేల్చాలి

"అన్నా, మా ఐసీయూలో వారంలో నాలుగు క్లెబ్సియెల్లా వచ్చినాయి. నాలుగూ మెరోపెనెమ్‌కి ఆర్. ఏంది చేసేది?"

కావలి నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఇంకొకరు, నెల్లూరులోనే పక్క వీధి ఆసుపత్రి నుంచి మరొకరు అడుగుతారు. ఊరు మారుతుంది కానీ ప్రశ్న మారదు. (క్లెబ్సియెల్లా ఓ బ్యాక్టీరియా, మెరోపెనెమ్ ఓ యాంటీబయాటిక్. ఆర్ అంటే రెసిస్టెంట్, మందుకు లొంగదని; ఎస్ అంటే సెన్సిటివ్, లొంగుతుందని.) ఫోన్లో సగం చెప్పేసరికి అవతల ఎవరో పిలుస్తారు, మిగతా సగం అక్కడే ఆగిపోతుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నా. రోజూ కల్చర్ ప్లేట్లు పట్టుకునే టెక్నీషియన్లు, జూనియర్ మైక్రోబయాలజిస్టుల కోసం ఇది. సిద్ధాంతం మీ పుస్తకాల్లో ఉంది, దాని జోలికి పెద్దగా పోను.

ముందు నా పరువు తీసిన సంగతి ఒకటి చెప్తాను. ఓ మే నెలలో, అప్పుడు నేను పనిచేస్తున్న చోట, మూడు రోజుల్లో ఏడుగురు రోగుల శాంపిళ్లలో మెరోపెనెమ్ రెసిస్టెంట్ వచ్చింది. జోన్లు (మందు డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం వెడల్పు) 19, 18, 17 మిల్లీమీటర్లు. ఐసీయూలో కొత్త అడ్మిషన్లు ఆపేశారు, మీటింగ్ మీద మీటింగ్. నాలుగో రోజు ఎవరో అడిగితే గానీ కంట్రోల్ స్ట్రెయిన్ (ఫలితం ముందే తెలిసిన బ్యాక్టీరియా) ప్లేట్ పెట్టలేదు నేను. 28 నుంచి 35 మిల్లీమీటర్లు రావాల్సిన ఈ.కోలై ఏటీసీసీ 25922 జోన్ 22 దగ్గర ఆగింది. డిస్కుల సీసా తీసి చూస్తే, అడుగున సిలికా జెల్ గింజలు నీలం రంగు పోయి గులాబీకి తిరిగి ఉన్నాయి. కరెంటు పోయి వస్తూ ఫ్రిజ్ వేడెక్కింది. దానికితోడు చల్లటి సీసా మూత తీసిన ప్రతిసారీ లోపల తేమ పట్టింది. కొత్త సీసాతో మళ్లీ చేస్తే కంట్రోల్ 31 వచ్చింది, ఆ ఏడింటిలో నిజంగా రెసిస్టెంట్ అయినవి రెండే. ఈ రాతలో కంట్రోల్ మాట పదేపదే వస్తే విసుక్కోకండి, కారణం ఇదీ.

చేతిలో ఉండాల్సినవి

బ్లడ్ అగార్, మెకాంకీ అగార్, ముల్లర్ హింటన్ అగార్. ట్రిప్టికేస్ సోయ్ బ్రాత్. స్టెరైల్ సెలైన్, కాటన్ స్వాబ్‌లు, 1 మైక్రోలీటరు, 10 మైక్రోలీటర్ల లూపులు. డిస్కులు, ముఖ్యంగా 10 మైక్రోగ్రాముల మెరోపెనెమ్. 0.5 మెక్‌ఫార్లాండ్ స్టాండర్డ్ (బ్యాక్టీరియా కలిపిన సెలైన్ ఎంత మసకగా ఉండాలో పోల్చి చూసే ద్రవం). 0.5 మోలార్ ఈడీటీఏ. గ్లిసరాల్ బ్రాత్, స్క్రూ మూత వయల్స్. కంట్రోల్ స్ట్రెయిన్లలో ఈ.కోలై 25922 తప్పనిసరి. క్లెబ్సియెల్లా బీఏఏ-1705, బీఏఏ-1706, బీఏఏ-2146 దొరికితే మీ అదృష్టం. క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్, పనిచేసే ఆటోక్లేవ్. వీటితోపాటు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఎక్సెల్ షీట్ తర్వాత సంగతి.

మెక్‌ఫార్లాండ్ కొనలేకపోతే కలుపుకోవచ్చు: 1 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ 9.95 మిల్లీలీటర్లలో 1.175 శాతం బేరియం క్లోరైడ్ 0.05 మిల్లీలీటర్లు. మూత బిగించి, చీకట్లో పెట్టి, వాడే ముందు ప్రతిసారీ బాగా కుదపాలి. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే 625 నానోమీటర్ల దగ్గర 0.08 నుంచి 0.13 మధ్య చూపించాలి.

1. ముందు ప్లేట్లు పారేయడం ఆపండి

రిపోర్ట్ ఇచ్చిన మర్నాడే ప్లేట్లు ఆటోక్లేవ్‌లోకి పోతాయి. అందరం చేసేదే. అనుమానం వచ్చిన నిమిషం నుంచి ఆ బుట్టను పక్కన పెట్టండి. ఒక్కో రోగి నుంచి వచ్చిన బ్యాక్టీరియాను శుభ్రంగా సబ్‌కల్చర్ చేసి, 15 నుంచి 20 శాతం గ్లిసరాల్ ఉన్న బ్రాత్‌లో రెండేసి వయల్స్ దాచండి. మైనస్ 80 డిగ్రీలైతే నిశ్చింత. మైనస్ 20 మాత్రమే ఉంటే కొన్ని నెలలకే నమ్మండి. అదీ లేకపోతే న్యూట్రియెంట్ అగార్ స్లాంట్ మీద పెంచి, మూత బిగించి, చీకట్లో ఉంచి, త్వరగా పెద్ద ల్యాబ్‌కు పంపే ఏర్పాటు చేసుకోండి.

వయల్ మీద పేషెంట్ పేరు వద్దు. ల్యాబ్ నంబరు, తేదీ, శాంపిల్ రకం చాలు. మామూలు స్కెచ్ పెన్ రాత మంచుకు చెరిగిపోతుంది, పెన్సిల్‌తో రాసిన టేప్ నిలుస్తుంది.

2. ఇది నిజంగా వ్యాప్తేనా?

లైన్ లిస్ట్ రాయండి. ఒక్కో వరుసలో ఒక్కో రోగి: ఐపీ నంబరు, వార్డు, బెడ్, చేరిన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, ఏ శాంపిల్, వెంటిలేటరా, సెంట్రల్ లైనా, యూరిన్ కాథెటరా, ఆపరేషన్ అయిందా, ఏ థియేటర్. చేరిన 48 గంటల లోపే పాజిటివ్ వచ్చినవాళ్లు బయటి నుంచి తెచ్చుకుని ఉండవచ్చు. వాళ్లు ఇంతకుముందు ఏ ఆసుపత్రిలో ఉన్నారో అడగండి. మన జిల్లాల్లో సీరియస్ కేసు ఒక నర్సింగ్ హోమ్ నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి చెన్నైకో తిరుపతికో, మళ్లీ వెనక్కి తిరుగుతుంటుంది. ఆ తిరుగుడంతా లిస్టులో ఎక్కాలి.

తర్వాత పోయిన ఏడాది రిజిస్టర్ తీసి నెలకు ఎన్ని వచ్చేవో లెక్క చూడండి. వోనెట్ వాడుతుంటే రెండు నిమిషాల పని, అది ఉచిత సాఫ్ట్‌వేరే. నెలకు మూడు వచ్చే చోట నాలుగు వస్తే హడావిడి అక్కర్లేదు. ఏడాదంతా ఒక్కటీ రాని చోట రెండొచ్చినా ఆగి చూడాలి.

దొంగ వ్యాప్తి కూడా ఉంటుంది. ఒకే రోజు, ఒకే బ్యాచ్ సెలైన్‌తో చేసిన శాంపిళ్లన్నీ పాజిటివ్ అయితే ముందు మీ సెలైన్‌నే కల్చర్‌కి పెట్టండి. పేషెంటుకు జ్వరం లేదు, కౌంట్ మామూలుగా ఉంది, బ్లడ్ కల్చర్ మాత్రం పాజిటివ్ అంటే ఈ అనుమానం ఇంకా బలపడాలి.

3. ఏ బ్యాక్టీరియానో ఖాయం చేసుకోండి

మెకాంకీ మీద గులాబీ రంగులో జిగటగా సాగే కాలనీ, ఆక్సిడేజ్ నెగటివ్, ఇండోల్ నెగటివ్, సిట్రేట్, యూరియేజ్ పాజిటివ్, మోటిలిటీ లేదు అంటే క్లెబ్సియెల్లా న్యుమోనియే దారి. రంగు లేని కాలనీ, ఆక్సిడేజ్ పాజిటివ్ అయితే సూడోమోనాస్ వైపు చూడండి. రంగు లేదు, ఆక్సిడేజ్ నెగటివ్, టీఎస్‌ఐలో (చక్కెరల పరీక్ష గొట్టం) మార్పు లేదు అంటే ఎసినెటోబాక్టర్ కావచ్చు.

ఎసినెటోబాక్టర్ గ్రామ్ స్టెయిన్‌లో మోసం చేస్తుంది. పొట్టిగా, జంటలుగా, ఒక్కోసారి ఊదా రంగు వదలకుండా కనిపించి గ్రామ్ పాజిటివ్ కాకై అనిపిస్తుంది. మెకాంకీ మీద పెరిగిందంటే మీ స్టెయిన్‌నే అనుమానించండి. ఆక్సిడేజ్ టెస్టును మెకాంకీ కాలనీతో, నిక్రోమ్ లూప్‌తో చేయకండి. రెండూ తప్పు ఫలితమిస్తాయి. బ్లడ్ అగార్ కాలనీ, చెక్కపుల్ల వాడండి.

4. డిస్క్ టెస్ట్: తప్పులన్నీ ఇక్కడే

ముల్లర్ హింటన్ అగార్ లోతు 4 మిల్లీమీటర్లు ఉండాలి. 90 మిల్లీమీటర్ల ప్లేటుకు సుమారు 25 మిల్లీలీటర్లు పడుతుంది. పొదుపు కోసం పల్చగా పోస్తే జోన్లు పెద్దవై రెసిస్టెంట్ కూడా సెన్సిటివ్‌లా కనిపిస్తుంది. మందంగా పోస్తే దీనికి తలకిందులు.

డిస్క్ సీసాను ఫ్రిజ్ నుంచి తీసి, మూత తీయకుండా గది వేడికి రానివ్వండి. ఈలోగా రాత్రి పెరిగిన ప్లేటు నుంచి మూడు నుంచి ఐదు కాలనీలు తాకి సెలైన్‌లో కలపండి. నల్ల గీతల కార్డు వెనక పెట్టి మెక్‌ఫార్లాండ్‌తో పోల్చండి. కంటి అంచనాతో కానివ్వకండి, పదేళ్ల సర్వీసున్నా సరే. కలిపిన 15 నిమిషాల్లో స్వాబ్ ముంచి, గొట్టం లోపలి గోడకు ఒత్తి తిప్పి, ఎక్కువ నీరు పిండేసి, ప్లేటును 60 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడుసార్లు పూయండి. ఇంకో 15 నిమిషాల్లో డిస్కులు పెట్టండి. 90 మిల్లీమీటర్ల ప్లేటులో ఐదుకు మించొద్దు. ఒకసారి తాకిన డిస్కును జరపకండి, మందు అప్పటికే అగార్‌లోకి దిగింది. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు, ఎసినెటోబాక్టర్‌కైతే 20 నుంచి 24 గంటలు.

నెల్లూరు ఎండల్లో ఇంకో చిక్కుంది. బయట 43 ఉన్నప్పుడు, ఏసీ లేని గదిలో ఇంక్యుబేటర్ 35 మీద నిలబడదు, ఎక్కుతూ పోతుంది. డిస్‌ప్లే అంకెను నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టి ఉదయం, సాయంత్రం రాసుకోండి.

చదివేటప్పుడు ప్లేటు బోర్లించి, నల్లటి బట్ట మీద పెట్టి, వెనక నుంచి స్కేలుతో కొలవండి. సీఎల్‌ఎస్‌ఐ (అమెరికా ల్యాబ్ ప్రమాణాల సంస్థ) ప్రకారం మెరోపెనెమ్‌కు ఎంటరోబాక్టరేల్స్‌లో (క్లెబ్సియెల్లా, ఈ.కోలై వర్గం) 19 లేదా తక్కువైతే ఆర్, 23 లేదా ఎక్కువైతే ఎస్. సూడోమోనాస్‌కు 15 లేదా తక్కువైతే ఆర్, 19 లేదా ఎక్కువైతే ఎస్. ఎసినెటోబాక్టర్‌కు 14 లేదా తక్కువైతే ఆర్, 18 లేదా ఎక్కువైతే ఎస్. అంటే 17 మిల్లీమీటర్లు ఒకదానికి ఆర్, మిగతా రెండింటికీ మధ్యరకం. పేరు తప్పితే రిపోర్టూ తప్పుతుంది. యూకాస్ట్ (యూరప్ ప్రమాణాలు) అంకెలు వేరు. ఒక రిపోర్టులో రెండు పట్టికలూ కలపకండి.

జోన్ లోపల విడిగా నాలుగు కాలనీలుంటే వాటిని వదిలేసి కొలవకండి. కల్చర్ కలుషితమై ఉండాలి, లేదా కొద్దిమంది మొండివాళ్లు అందులో దాగి ఉండాలి. ఆ కాలనీని వేరు చేసి మళ్లీ పెట్టండి.

కంట్రోల్ ప్లేటు పరిధిలో లేకపోతే ఆ రోజు రిపోర్టులు ఆపేయండి. వార్డు నుంచి ఎంత ఒత్తిడి వచ్చినా.

5. కార్బపెనిమేజ్ ఉందా? ఉంటే ఏ రకం?

కార్బపెనిమేజ్ అంటే మెరోపెనెమ్ లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమ్. దాన్ని పట్టుకోవడానికి ఇక్కడ చాలామంది ఇంకా మాడిఫైడ్ హాడ్జ్ టెస్ట్ చేస్తున్నారు. 2018లోనే సీఎల్‌ఎస్‌ఐ దాన్ని తీసేసింది. ఎన్‌డీఎం అనే రకాన్ని అది తరచూ పట్టుకోలేదు, మన దేశంలో మనకు కావాల్సింది అదే. దాని బదులు ఎంసిమ్ (కార్బపెనిమేజ్ ఉందో లేదో చూసేది), ఇసిమ్ (ఉంటే ఏ రకమో చూసేది) చేయండి. ఖర్చు తక్కువ, ఉన్న సామాన్లతోనే అవుతుంది.

రెండు గొట్టాల్లో 2 మిల్లీలీటర్ల చొప్పున ట్రిప్టికేస్ సోయ్ బ్రాత్ తీసుకోండి. మొదటిది ఎంసిమ్‌కు, రెండోది ఇసిమ్‌కు. రెండోదాంట్లో 0.5 మోలార్ ఈడీటీఏ 20 మైక్రోలీటర్లు వేయండి. బ్లడ్ అగార్ మీద రాత్రి పెరిగిన క్లెబ్సియెల్లా 1 మైక్రోలీటర్ లూపు నిండుగా తీసి ఒక్కో గొట్టంలో కలపండి. సూడోమోనాస్‌కైతే 10 మైక్రోలీటర్ల లూపు, దానికి ఎంసిమ్ ఒక్కటే. 10 నుంచి 15 సెకన్లు వోర్టెక్స్ చేసి, ఒక్కో మెరోపెనెమ్ డిస్క్ పూర్తిగా మునిగేలా వేయండి. 35 డిగ్రీల్లో నాలుగు గంటలు, అటూఇటూ 15 నిమిషాలు. టీకి వెళ్లి మర్చిపోకండి, ఫోన్లో అలారం పెట్టుకోండి.

గడువు ముగిసే ముందే ఈ.కోలై 25922ను ముల్లర్ హింటన్ మీద పూసి సిద్ధంగా ఉంచండి. డిస్కును లూపుతో తీసి, గొట్టం అంచుకు ఆనించి నీరు కార్చి, ప్లేటు మీద పెట్టండి. తడి ఎక్కువుంటే జోన్ అంచు పాడవుతుంది. 18 నుంచి 24 గంటల తర్వాత చూడండి.

మొదటి డిస్క్ చుట్టూ జోన్ 6 నుంచి 15 అయితే పాజిటివ్, అంటే మీ బ్యాక్టీరియా మందును తినేసింది. 16 నుంచి 18 మధ్య జోన్‌లో చుక్కల్లాంటి కాలనీలున్నా పాజిటివే. కాలనీల్లేని 16–18 అయితే తేలలేదని అర్థం, మళ్లీ చేయండి. 19 లేదా ఎక్కువైతే నెగటివ్. ఈడీటీఏ డిస్క్ జోన్ దీనికంటే 5 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ పెరిగితే మెటాలో రకం (ఈడీటీఏ ఆపగలిగే ఎంజైమ్), ఎన్‌డీఎం లాంటిది. ఎంసిమ్ నెగటివ్ అయితే ఇసిమ్‌ను అసలు చదవొద్దు.

ఎంసిమ్ పాజిటివ్, ఇసిమ్ నెగటివ్ అయితే "ఎన్‌డీఎం లేదు" అని రాసేయకండి. ఎన్‌డీఎం, ఆక్సా-48 రకం రెండూ ఒకే క్లెబ్సియెల్లాలో ఉండటం మన దేశంలో మామూలు. అప్పుడు ఈడీటీఏ ఒకదాన్ని ఆపినా రెండోది మందును తింటూనే ఉంటుంది, జోన్ పెరగదు. డాక్టర్ మీ మాట నమ్మి సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ ఒక్కదాన్నే మొదలుపెడితే ఎన్‌డీఎం ముందు అది పనిచేయదు.

ఇంకోటి, ఎసినెటోబాక్టర్‌కు ఎంసిమ్ నమ్మదగింది కాదు. చేయకండి, వచ్చిన ఫలితం రాయకండి.

త్వరగా కావాలంటే కార్బా-5 స్ట్రిప్ 15 నిమిషాల్లో కేపీసీ, ఎన్‌డీఎం, వీఐఎం, ఐఎంపీ, ఆక్సా-48 రకాలను విడివిడి గీతలుగా చూపిస్తుంది. టీబీ విభాగంలో సీబీనాట్ మెషీన్ ఉందా? అదే మెషీన్ కార్బా-ఆర్ కార్ట్రిడ్జ్‌నూ నడుపుతుంది. కార్ట్రిడ్జ్ విడిగా కొనాలి, టీబీవాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. నాలుగు శాంపిళ్ల కోసం గొడవ పెట్టుకోవద్దు.

6. కొలిస్టిన్: డిస్క్ పెట్టకండి

కొలిస్టిన్ పెద్ద అణువు, అగార్‌లో సరిగా పాకదు. డిస్క్ జోన్ చూసి "ఎస్" అని రాసిన రిపోర్టులు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. నమ్మదగిన దారి బ్రాత్ మైక్రోడైల్యూషన్ (బ్రాత్‌లో మందును వేర్వేరు మోతాదుల్లో పలచన చేసి చూడటం). సాదా పాలిస్టైరీన్ ప్లేట్లలో, కేటయాన్ సరిచేసిన ముల్లర్ హింటన్ బ్రాత్‌లో చేయాలి. సీఎల్‌ఎస్‌ఐలో ఇప్పుడు "ఎస్" అనే గడే లేదు: ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మోతాదు) 2 లేదా తక్కువైతే మధ్యరకం, 4 లేదా ఎక్కువైతే ఆర్. చేసే వీలు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.

ప్రోటియస్, సెరాషియా, బర్ఖోల్డేరియా పుట్టుకతోనే దీనికి లొంగవు. పేరు తేలని నాన్‌ఫర్మెంటర్ (చక్కెరను పులియబెట్టని బ్యాక్టీరియా) కొలిస్టిన్ ఆర్ అని వస్తే బర్ఖోల్డేరియా సెపేషియా గుర్తుకు రావాలి, యాంటీసెప్టిక్ సీసాలు, అల్ట్రాసౌండ్ జెల్ గుర్తుకు రావాలి. పశువులు, కోళ్లు, ఆక్వా చెరువుల్లో కొలిస్టిన్‌ను కేంద్రం 2019 జులైలోనే నిషేధించింది. రొయ్యల చెరువుల మధ్య బతికే మనకు ఇది పరాయి సంగతేం కాదు కానీ, మీ ఐసీయూ వ్యాప్తికి కారణం చెరువుల్లో వెతక్కండి. ముందు సింకు చూడండి.

7. నాలుగూ ఒకటేనా?

యాంటీబయోగ్రామ్ (ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో చెప్పే పట్టిక) ఒకేలా ఉంటే స్ట్రెయిన్ ఒకటే అనుకోవడం చాలా పెద్ద పొరపాటు. అన్నిటికీ ఆర్ వచ్చిన రెండు క్లెబ్సియెల్లాలు పూర్తిగా వేర్వేరు కావచ్చు. దీనికి ఎదురుది కూడా జరుగుతుంది: ఎన్‌డీఎం జీన్ ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి మారగల చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఎక్కి ఒక క్లెబ్సియెల్లా నుంచి పక్కనున్న ఈ.కోలైకి దూకుతుంది. అందుకని "ఈ.కోలై కదా, దీనికీ దానికీ సంబంధం లేదు" అని లిస్టు నుంచి తీసేయకండి.

యాంటీబయోగ్రామ్ జల్లెడ లాంటిది, తేల్చేది జీనోమ్ సీక్వెన్సింగ్. అది మన దగ్గర జరగదు, పెద్ద ల్యాబ్‌కు పంపాలి. పక్కనే వేలూరు సీఎంసీ, మందులకు లొంగని బ్యాక్టీరియా మీద నిఘా పెట్టే ఐసీఎంఆర్ నెట్‌వర్క్‌లో ఉంది. ఎవరికి పంపినా ముందు ఫోన్ చేసి, తీసుకుంటారో లేదో కనుక్కుని పంపండి. వ్యాప్తి శాంపిళ్లతోపాటు వేరే వార్డువి, ఆరు నెలల కిందటివి రెండు మూడు కలిపి పంపండి. పోల్చడానికి బయటివి లేకపోతే అన్నీ దగ్గరివిగానే కనిపిస్తాయి.

ఫలితం "ఎస్‌టీ 231" అనో "ఎస్‌టీ 147" అనో (ఎస్‌టీ అంటే బ్యాక్టీరియా జన్యు రకానికి ఇచ్చే నంబరు) వస్తే వెంటనే వ్యాప్తి రుజువైందనుకోకండి. ఇవి దేశమంతా తిరుగుతున్న రకాలు. నెల్లూరు రోగిలోనూ ఢిల్లీ రోగిలోనూ అదే ఎస్‌టీ ఉండవచ్చు. వాటి మధ్య ఎన్ని ఎస్‌ఎన్‌పీల (జీనోమ్‌లో ఒక్కో అక్షరం మార్పు) తేడా ఉందో అడగండి, దాన్ని మీ లైన్ లిస్టు తేదీలు, బెడ్‌లతో కలిపి చదవండి. ఎసినెటోబాక్టర్‌కు ఎస్‌టీ నంబరు ఇచ్చే ఎంఎల్‌ఎస్‌టీ పద్ధతులు రెండున్నాయి, పాశ్చర్, ఆక్స్‌ఫర్డ్. ఏ పద్ధతో రాయని నంబరుకు విలువ లేదు. సీక్వెన్సింగ్ ముడి ఫైళ్లు (ఫాస్ట్‌క్యూ) కూడా అడిగి తీసుకోండి. పాథోజెన్‌వాచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టి మీరే చూసుకోవచ్చు.

8. వార్డులో ఎక్కడ వెతకాలి

లైన్ లిస్టు చూపించిన చోటే వెతకండి. గోడలు, నేల అంతా స్వాబ్ చేస్తే ప్లేట్లు అయిపోతాయి, ఏమీ తేలదు. సూడోమోనాస్ అయితే తడి చోట్లు: సింకు గొట్టం, హ్యుమిడిఫయర్ నీళ్లు, సక్షన్ జార్. ఎసినెటోబాక్టర్ పొడి చోట్ల కూడా రోజుల తరబడి బతుకుతుంది: బెడ్ రెయిల్, మానిటర్ బటన్లు, బీపీ కఫ్. క్లెబ్సియెల్లా అయితే పక్క బెడ్ల రోగుల రెక్టల్ స్వాబ్‌లు ముఖ్యం. జబ్బు లేకుండా కడుపులో మోస్తున్నవాళ్లు దాంట్లోనే బయటపడతారు.

స్వాబ్‌ను స్టెరైల్ సెలైన్‌తో తడిపి రుద్దండి. సరాసరి ప్లేటు మీద పూయకుండా రాత్రంతా బ్రాత్‌లో పెంచి, మెకాంకీ మీద పూసి మధ్యలో మెరోపెనెమ్ డిస్క్ పెట్టండి. డిస్క్ దగ్గర్లో పెరిగినవాటిని తీసుకుని మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలు. క్లీనింగ్ అయిన వెంటనే శాంపిల్ తీస్తే అన్నీ నెగటివ్ వస్తాయి. వార్డుకు ముందే చెబితే మీరు వెళ్లేసరికి ఫినాయిల్ వాసన గుప్పుమంటుంది, అనుభవం మీద చెప్తున్నా.

9. రాయడం, పంపడం

రిపోర్టులో చూసిందే రాయండి: "కార్బపెనిమేజ్ పాజిటివ్, మెటాలో రకం" అని. "అవుట్‌బ్రేక్ స్ట్రెయిన్" అనే మాట సీక్వెన్సింగ్, లైన్ లిస్టు రెండూ ఒకే మాట చెప్పాకే. అర్జెంటు ఫలితాన్ని కాగితం కోసం ఆపకుండా ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు ఫోన్లో చెప్పి, చెప్పిన టైము రాసుకోండి.

వాడిన ప్లేట్లు ల్యాబ్‌లోనే ఆటోక్లేవ్ అయ్యాక పసుపు సంచిలోకి. ఆటోక్లేవ్ టేప్ మీద గీతలు నల్లబడితే వేడి తగిలిందని మాత్రమే తెలుస్తుంది. అప్పుడప్పుడు స్పోర్ టెస్ట్ (క్రిములు నిజంగా చచ్చాయో లేదో తేల్చేది) కూడా పెట్టండి.

బయటికి పంపేటప్పుడు మూడు పొరల ప్యాకింగ్: కారని వయల్, దాని చుట్టూ పీల్చే దూది, కారని రెండో డబ్బా, గట్టి పై పెట్టె. పైన యూఎన్ 3373 గుర్తు (లోపల ఇన్‌ఫెక్షన్ శాంపిల్ ఉందని చెప్పేది). తెలిసిన డ్రైవరు కదా అని బస్సులో సీటు కింద పెట్టి పంపే పని ఎప్పుడూ చేయకండి. శుక్ర, శనివారాల్లో అసలు పంపకండి. ఒకసారి అలా పంపిన నా పెట్టె ఆదివారమంతా కొరియర్ ఆఫీసు షట్టర్ వెనక ఎండలో ఉడికింది. సోమవారం అవతలివాళ్లు తెరిచి ఫోన్ చేశారు: ఆరు వయల్స్‌లో పెరిగింది ఒక్కటే. మిగతా ఐదూ నా ఫ్రీజర్‌లో రెండో వయల్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.